మోటారు చెవిలో పేరు

మా మేనకోడలు ఫెబాకు జ్వరమొచ్చిన వారంలో నేను ఆ పని చేశాను. జ్వరం రాకుంటే చేసేవాడు కాదులే అని ఎవరైనా నన్ను వెనకేసుకొస్తే నమ్మొద్దు. ఇంకో వారం చేసుండేవాణ్ణి, అంతే.

ఆ ఎండాకాలం ఫెబా జాంబియాలో ఉంది. నంద్యాల ఐటీఐలో పిల్లలకు ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పుకునేది. మూడు నెలలు వచ్చి మా పిల్లలకూ చెప్పమ్మా అని అక్కడి టెక్నికల్ కాలేజీ వాళ్లు పిలిస్తే ఫిబ్రవరి చివర్లో విమానం ఎక్కింది. విజిటింగ్ స్కాలర్ అని దానికి పేరు. మా అక్క దేవమ్మ ఆ రెండు మాటలూ నేర్చుకుని, నంద్యాలలో చర్చికి వచ్చిన ప్రతి ఒక్కరికీ కూతురి గురించి చెప్పింది. నాకూ చెప్పింది.

"మాస్టరు పనే గదక్కా. ఏదో జబ్బు పేరు మాదిరి చెప్తాండావే" అన్నాను.

వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఫెబా అక్కడ నేర్పాల్సింది మోటారు వైండింగు. బోరు మోటారు కాలిపోతే లోపలి రాగి తీగె పీకేసి, కొత్తది చుట్టి, మళ్లీ తిరిగేలా చేసే పని. ఆ కాలేజీ చుట్టుపక్కల పల్లెల్లో కొత్తగా బోర్లు పడుతున్నాయి, మోటార్లు కాలుతున్నాయి. బాగుచేసేవాడు లేక జనం వాటిని మూలన పడేస్తున్నారు. అందుకని ముప్పైరెండు మందితో మొదటిసారి ఈ కోర్సు పెట్టారు. చివర్లో రాజధాని నుంచి పరీక్ష చేసేవాళ్లు వచ్చి సరేనంటేనే పిల్లలకు సర్టిఫికెట్లు. కాదంటే సర్టిఫికెట్లూ లేవు, వచ్చే ఏడు కోర్సూ లేదు.

పుస్తకంలో ఉండేదంతా ఫెబాకు కంఠతా వచ్చు. చేత్తో చుట్టడం మాత్రం ఆళ్లగడ్డలో మా షాపులోనే నేర్చుకుంది, సెలవులకొచ్చినప్పుడల్లా నాతో తిట్లు తింటూ, నన్ను తిడుతూ. అందుకే అక్కడికి పోయినాక, మంగళవారం గురువారం వీడియో కాల్‌లో మా షాపును క్లాసుకు చూపించడం మొదలుపెట్టింది. నేను ఆరో తరగతిలో రెండేండ్లు కూర్చుని, మూడో ఏడు లేచొచ్చేసినవాణ్ణి. అట్లాంటివాడు ఒక కాలేజీ గోడ మీద మూడు గజాల ఎత్తున కనపడతాడని మా సార్లు కలగన్నారా?

"మామా, కాయిల్ దించేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టొద్దు. పిల్లోల్లకు కనపడల్ల" అనేది ఫెబా.

"నా చెయ్యి చూసేకే గదమ్మే వాళ్లు కూర్చునింది?"

అది ఇంగ్లీషులోకి మార్చి చెప్పేది, అంతా నవ్వేవాళ్లు. ముందు వరుసలో చిలేషే అని ఒక అమ్మాయి. చంటిబిడ్డను తల్లి దగ్గర వదిలి, రోజూ రెండు బస్సులు మారి వస్తుందని ఫెబా చెప్పింది. నేను తుమ్మినా నోటుబుక్కులో రాసుకునేది ఆ పిల్ల.

ఏప్రిల్ మొదటివారంలో ఫెబాకు మలేరియా తగిలింది. ఆస్పత్రి మంచం మీద నుంచి ఫోను చేసింది. గొంతు పీలగా ఉంది.

"రెండు క్లాసులు నువ్వే చెప్పు మామా. ప్రియ ఇంగ్లీషులో చెప్తాది. ఏసాలెయ్యొద్దు."

"నేనెప్పుడేసినానే ఏసాలు?"

అవతల దగ్గు వినపడింది.

ప్రియ అంటే మా అమ్మాయి ప్రియదర్శిని. ఆళ్లగడ్డలో ఒక బడిలో ఇంగ్లీషు టీచరు. అప్పటికి ఒంటిపూట బడులు మొదలయ్యాయి కాబట్టి పన్నెండున్నరకంతా ఇంటికి వచ్చేసేది. మనకు పన్నెండున్నరయితే వాళ్లకు పొద్దున తొమ్మిది. సరిగ్గా సరిపోయింది.

ఆ మంగళవారం షాపు నిండా మోటార్లే. ఎండలకు కరెంటు నిలకడ లేక రోజుకు నాలుగైదు కాలి వచ్చేవి. ప్రియ ఫోను పట్టుకుని నిలబడింది. నేను కొత్త తీగె చుట్టిన మోటారుకు బల్బు పెట్టి పరీక్ష చేసి చూపించాను. బల్బు వెలగకూడనిచోట వెలిగితే కరెంటు మోటారు ఒంటికి తగులుతున్నట్టు. అది ఆరో స్టెప్పు. ఆ తర్వాత వార్నిషు పూయాలి. అప్పుడే రుద్రవరం తిమ్మయ్య తలకు తువ్వాలు చుట్టుకుని లోపలికొచ్చాడు.

"దాసన్నా, నా మోటారు ఏమాయె? చేను ఎండిపోతాంది."

"అయిపోయిందప్పా. దానికి నీ పేరు చెప్పినావా?"

ఇది ఇరవై ఏండ్లుగా నేను రైతులతో ఆడే నాటకం. మోటారులోంచి తీగెలు బయటికొచ్చే బొక్క ఉంటుంది. దాన్ని చెవి అని, అందులో పేరు చెప్పకపోతే మోటారు ఇంకొకరి బోర్లో దిగి అలిగి కూర్చుంటుందని చెప్తాను. కొత్తవాళ్లు నమ్మేవాళ్లు. పాతవాళ్లు నమ్మకపోయినా, ఎందుకొచ్చిన గొడవ అని చెప్పేవాళ్లు.

"మళ్లా చెప్పల్నా? పోయినేడు చెప్తినే" అన్నాడు తిమ్మయ్య.

"పోయినేడు చెప్పింది కాలిపాయ గదప్పా."

ఆయన తువ్వాలు సర్దుకుని, మోకాళ్ల మీద కూర్చుని, మోటారుకు నోరు ఆనించి "తిమ్మయ్య. రుద్రవరం" అన్నాడు.

"ఊరి పేరు సరిగ్గా వినపడ్లే."

"రుద్రవరం!" అని అరిచాడు.

ఫోనులో చిలేషే చెయ్యి లేపింది. ఏదో అడిగింది.

"నాయనా, ఆయన ఏం చేస్తాండాడని అడుగుతాంది" అంది ప్రియ.

ఏం లేదమ్మా తమాషా అని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ ముప్పైరెండు మంది ముందుకు వంగి, పెన్నులు పట్టుకుని చూస్తున్నారు. అట్లాంటిది చూస్తే నా నోరు ఆగదు.

"ఇది ఏడో స్టెప్పు. మోటారు చెవిలో రైతు పేరు చెప్పల్ల. లేకుంటే ఎవురి బోర్లోకి పోవల్నో దానికెట్ల తెలుస్తాది? చెప్పు మే, చెప్పు."

ప్రియ నా ముఖం చూసింది. నవ్వకుండా ఉండటంలో నన్ను మించినవాడు ఆళ్లగడ్డ తాలూకాలో లేడు. అది ఫోను వైపు తిరిగి చెప్పింది. నేను రెండు మాటలు చెప్తే అది పది మాటలు చెప్పింది. పెన్నులన్నీ గబగబా కదిలాయి.

క్లాసు అయ్యాక అడిగాను. "అంతసేపు ఏం చెప్పినావ్ మే?"

"పేరు పలికి, చెవి ఆనించి వినమన్యా. లోపల తీగె చుట్ట వదులుగా ఉంటే గొంతు వేరేగా తిరిగొస్తాది గదా. దానికే గదా నువ్వు చెప్పిస్తాండేది?"

అయిదేండ్ల పిల్లప్పుడు దానికి ఈ చెవి కథ చెప్పాను. తర్వాత అబద్ధమని చెప్పడం మర్చిపోయాను. అది పెరిగింది, చదివింది, ఆ అబద్ధానికి తనే ఒక సైన్సు కారణం వెతికి పెట్టుకుంది. నేను టీ తాగొస్తానని బయటికి పోయి, హోటలు బల్ల పట్టుకుని కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వాను. అక్కడున్న వాళ్లందరికీ చెప్పాను. వాళ్లూ నవ్వారు. ప్రియకు మాత్రం చెప్పలేదు. ఫెబాకూ చెప్పలేదు.

మే నెల మధ్యలో ఒక సోమవారం, క్లాసు లేని రోజు, ఫెబా ఫోను చేసింది.

"మామా, ఏడో స్టెప్పు ఏంది?"

నాకు నవ్వు తన్నుకొచ్చింది. పగలబడి నవ్వాను. నవ్వి నవ్వి ఆగాక, అవతల నుంచి నవ్వు రావడం లేదని తెలిసింది.

"జ్వరం తగ్గినా నిలబడేకి ఓపిక ల్యాకుండె మామా. కాలేజీ వాళ్లు పిల్లోల్ల నోట్సు చూసి స్టెప్పులన్నీ ఒక కాగితం మీద టైపు చేయించి ముప్పైరెండు కాపీలు తీయించిరి. చదవకుండా సంతకం పెట్టినా. పరీక్ష చేసే పెద్ద మేడానికి పోయింది అది. ఆమె ఏడో స్టెప్పు కింద ఎర్రగీత కొట్టి, దీనికి ఆధారమేందో పరీక్షకు ముందు చెప్పండి అని రాసింది. గురువారం పరీక్ష."

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"దానికేమన్నా అర్థముందా మామా? ప్రియ చెప్పిన శబ్దం సంగతి నిజమేనా? నిజమని నువ్వు ఒక్క మాట చెప్పు, నేను నిలబడి వాదిస్తా."

అది ఏడుస్తున్నది. ఏడుపు వినపడకుండా మాట్లాడాలని చూస్తున్నది. దాని ఎనిమిదో ఏట తండ్రి పోయిన రోజు కూడా అట్లాగే మాట్లాడింది.

"గురువారం నేనే చెప్తాలే" అని పెట్టేశాను.

షాపు వెనకే మా ఇల్లు. మా ఆవిడ ఎలిజబెత్ కత్తిపీట ముందేసుకుని పచ్చడికి మామిడికాయలు కొడుతున్నది. పక్కన కూర్చుని టెంకలు తీస్తున్నది ప్రియ. సంగతంతా చెప్పాను, చెవి కథతో సహా.

ప్రియ చేతిలోని ముక్క గిన్నెలో వేసి లేచింది. "ఇరవై ఏండ్లు నన్ను ఎర్రిదాన్ని చేసినావా? నేను ఇంగ్లీషులో ముప్పైరెండు మందికి పాఠం చెప్తి గదా నాయనా!"

"బాగనే చెప్పినావ్ లే మే" అన్నాను.

"నవ్వొద్దు!"

నేను నవ్వలేదు. నా ముఖం అట్లాగే ఉంటుంది.

కాసేపటికి అదే చల్లబడి కూర్చుంది. "ఒక పని చేద్దాం. శబ్దం పరీక్ష అనే చెప్దాం. వినేకి బాగనే ఉంది గదా. ఫెబా అక్కను కాపాడినట్లుంటాది. ఎవురికి తెలుస్తాది?"

నాకూ అదే మేలనిపించింది. ఒక్క అబద్ధానికి ఇంకో అబద్ధం తోడు, అంతే కదా. ఎలిజబెత్ రెండు కాయలు కొట్టింది. మూడోది కొట్టబోతూ ఆగింది.

"ఆ పిల్లోల్లు రేపు ఊర్లళ్లకు పోయి మోటార్లు చేస్తారు గదా?"

"చేస్తారు."

"బల్బు పెట్టి చూసేకి బల్బు కావల్ల, వైరు కావల్ల. చెవి పెట్టి వినేకి ఏమీ అక్కర్లేదు. ఏదో ఒకనాడు బల్బు ల్యాక, ఇది చాల్లే అనుకుంటే? ఆ మోటారును తడిచేత్తో ముట్టుకునేది ఎవురు?"

మూడో కాయ కొట్టింది. చంటిబిడ్డను వదిలి రెండు బస్సులు మారి వచ్చే ఆ పిల్ల, మోటారుకు చెవి ఆనించుకుని ఉన్నట్టు కళ్లముందు కనపడింది నాకు. షాపుకు పోయి కూర్చున్నాను. పని చెయ్యలేదు.

గురువారం పొద్దున్నే నంద్యాల బస్సెక్కి దేవమ్మక్క వచ్చింది. కూతురికి పరీక్ష అంటే ప్రార్థన చేసేకి వచ్చిందే గానీ, నేను చేసిన ఘనకార్యం ఆమెకు అప్పటికి తెలీదు. నేనే చెప్పాను. నా తలకాయ మీద ఒకటి మొత్తుతుందని చూశాను. మొత్తలేదు. చేతిసంచి కిందపెట్టి, నన్ను పేరు పెట్టి పిలిచి "నువ్వా, యేసూ?" అంది. మొత్తుంటే బాగుండేది.

పన్నెండున్నరకు కాల్ వచ్చింది. ఉతికిన చొక్కా తొడుక్కుని షాపులో నిలబడ్డాను. ఎలిజబెత్, అక్క వాకిలి దగ్గర. ఫోను పట్టుకున్న ప్రియతో చెప్పాను.

"నేనెంత చెప్తే అంతే చెప్పు. ఏం చేర్చొద్దు."

తెర మీద పొడుగాటి గది. వరుసగా బల్లలు, బల్లల మీద మోటార్లు, వెనక నీలం కోట్లు తొడుక్కున్న పిల్లలు. ముందు కుర్చీలో నెరిసిన జుట్టుతో పెద్ద మేడం, పక్కన ఒకాయన. గోడకు ఆనుకుని ఫెబా. చిక్కిపోయింది. నా వైపు చూడలేదు.

మేడం అడిగింది. ప్రియ తెలుగులో చెప్పింది. "ఏడో స్టెప్పుకు ఆధారం ఏందని."

"అది అబద్ధం" అన్నాను.

ప్రియ చెప్పింది. ఒక్క క్షణం ఆగి, గది మొత్తం గొల్లుమంది. పిల్లలు బల్లలు చరుస్తున్నారు. చిలేషే నవ్వు ఆపుకుంటూ ఏదో చెప్పింది.

"నువ్వు ఎప్పుడూ ఇట్లే తమాషా చేస్తావంట. ఇప్పుడు కూడా వాళ్లను పరీక్ష చేస్తాండావంట" అంది ప్రియ.

"లేదమ్మా. తమాషా అప్పుడు చేసినా. ఇప్పుడు చెయ్యట్లే. మోటారుకు చెవి లేదు. పేరు చెప్తే ఏమీ కాదు, చెప్పకపోయినా ఏమీ కాదు. బల్బు ఒక్కటే నమ్మండి. ఫెబాకు ఈ సంగతి తెలీదు, జ్వరంతో పడుకోని ఉండె. తప్పు నాది."

ప్రియ అంతే చెప్పింది, ఏమీ చేర్చలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఫెబా గోడ దగ్గర నుంచి ముందుకొచ్చి మేడంతో ఏదో అంది. ఏమన్నదని ప్రియను అడిగాను.

"చదవకుండా సంతకం పెట్టింది నేను, నాది గూడ తప్పే అంటాంది."

మేడం కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. నన్ను చాలాసేపు చూసింది. తర్వాత ఒక ప్రశ్న వేసింది.

"ఇట్లాంటివి ఇంగేమన్నా నేర్పించినావా అని అడుగుతాంది నాయనా."

"లేదు" అనబోయాను. వెనక నుంచి ఎలిజబెత్ గట్టిగా అరిచింది. "ఉంటే ఇప్పుడే చెప్పయ్యా!"

తెరలోకి చూశాను. వార్నిషు డబ్బాలు బల్లల మీద సిద్ధంగా ఉన్నాయి. ముప్పైరెండు మందీ బ్రష్షులు ఎడమచేత్తో పట్టుకుని ఉన్నారు.

"వార్నిషు ఎడమచేత్తో పూయల్లని చెప్పినా" అన్నాను. "అది గూడ అబద్ధమే. ఏ చేత్తో వాటమైతే ఆ చేత్తో పూసుకోండి."

ప్రియ నా వైపు ఒక చూపు చూసి, చెప్పింది. బ్రష్షులు ఒక్కసారిగా కుడిచేతుల్లోకి మారాయి. ఒకరిద్దరు మాత్రం మార్చలేదు, వాళ్లది ఎడమచేతి వాటమట. మేడం భుజాలు ముందుగా నవ్వుతో కదిలాయి, తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చివరికి ఎర్రపెన్ను తీసి, తన చేతిలోని కాగితం మీద ఒక గీత గీసి, ఫెబాను దగ్గరికి పిలిచి సంతకం పెట్టించుకుంది. మిగతా కాపీలన్నిట్లో పిల్లలు వాళ్లంతట వాళ్లే కొట్టేసుకున్నారు. పని మొదలుపెట్టమన్నట్టు చెయ్యి ఊపింది మేడం. కాల్ తెగిపోయింది.

ఫలితం తెలిసేదాకా అయిదు గంటలు ఎదురుచూడాలి. నేను ఒక మోటారు తీసుకుని పాత చుట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మూడుసార్లు లెక్క తప్పాను. తిమ్మయ్య వచ్చి స్టార్టరు పాడయిందని చెప్తే, ఆయన్ను ఒక్క మాట కూడా ఆటపట్టించకుండా బాగుచేసి పంపాను. ఒంట్లో బాగలేదా అన్నా అని రెండుసార్లు అడిగి పోయాడు.

అయిదున్నరకు ఫెబా ఫోను.

"మామా. ముప్పైయొక్క మంది పాసు."

"ఇంగొకరు?"

"చుట్లు తప్పు లెక్కపెట్టినాడు. జూన్‌లో మళ్లా రాయచ్చు. కోర్సు ఉంటాది. మేడం రాసిచ్చింది." ఆగింది. "చిలేషేది ఫస్టు మామా. బల్బు రెండుసార్లు పెట్టి చూసింది."

సరేమ్మే అన్నానో, అనలేదో. ఫోను జేబులో వేసుకుని ఇంట్లోకి నడిచాను. అక్క, ఎలిజబెత్ మంచం మీద పక్కపక్కన కూర్చుని ఉన్నారు. ప్రియ గడపలో. ముగ్గురూ నా ముఖం చూశారు. నేను నవ్వడం లేదు, ఏమీ అనడం లేదు. ముప్పై ఏండ్ల కాపురంలో ఎలిజబెత్ నన్ను అట్లా చూడలేదు. ఆమె చెయ్యి అక్క చేతిని పట్టుకుంది.

"కోర్సు పాయెనా?" అంది అక్క.

"పాసు" అన్నాను. "ఒకడు తప్ప అందరూ పాసు. కోర్సు ఉంటాదంట."

ఎలిజబెత్ అక్క చేతిని వదల్లేదు.

"ఇప్పుడు గూడ ఏందయ్యా నీ ఆటలు? ఫెబాను కన్నతల్లి గదా ఆమె!" అంది ఎలిజబెత్.

"నిజం మే. ఇప్పుడే చెప్పింది."

"యేసూ, మాతో ఆడుకోవద్దు రా" అంది అక్క. ఆమె కళ్లల్లో నీళ్లు దిగాయి. నేను ప్రమాణం చెయ్యడానికి బైబిలు కోసం చూశాను. ప్రియ అప్పటికే ఫోను చేస్తున్నది. మొదటిసారి కలవలేదు. రెండోసారి కలిసింది. స్పీకరు పెట్టింది.

"అక్కా, నాయన ఏదో పాసంటాండాడు, నిజమేనా?"

"నిజమే మే. చెప్పినా గదా మామకు. అమ్మ ఆడ ఉందా? అమ్మా, ఒకడు తప్ప అందరూ పాసైనారు."

అక్క ఒక్కసారిగా ఏడ్చింది, నవ్వింది, కొంగు నోట్లో కుక్కుకుంది. ప్రియ ఫోను ఆమె చేతిలో పెట్టింది. వాళ్లిద్దరూ ఏవేవో మాట్లాడుకుంటుంటే నేను బయటికొచ్చి గడపలో కూర్చున్నాను. ఒంటి మీద నుంచి బస్తా దించినట్టుంది.

ఎలిజబెత్ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చి, పక్కన నిలబడింది.

"ఇంటికి మంచి మాట మోసుకొస్తే, అది నిజమా కాదా అని ఇంకొకర్ని అడగాల్సొచ్చె. సిగ్గుందా నీకు?"

"ఉంది" అన్నాను.

ఆ మాట నిజమో కాదో అని ఆమె ఎవరికీ ఫోను చెయ్యలేదు.